గుప్పెడు గసగసాలు

దుబాయ్ నుంచి గంటకి పైగా దారి ఉన్న బనియాస్‌లో మేముండే సందు చివర ఒక అరబ్బుల ఇల్లుంది. ఉపవాసాల నెల వచ్చిందంటే ఆ ఇంటి పెరట్లో మధ్యాహ్నం రెండింటికే పెద్ద డేగిసా పొయ్యెక్కుతుంది. గోధుమలూ మాంసమూ కలిపి సాయంత్రందాకా ఉడకబెట్టి, ఇద్దరు మనుషులు నిలబడి కర్రతో మెదిపితే అది హరీస్ అవుతుంది, ఉపవాసం విడిచే వేళకి వీధివాళ్లందరికీ గిన్నెల్లో వస్తుంది. నేను పనిచేసే కిరాణా కొట్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆ వాసన లోపలికి జొరబడి, సబ్బుల వాసననీ మసాలా పొట్లాల వాసననీ తోసుకుంటూ కౌంటరు దాకా వస్తుంది. నాకు అందులో మాంసం తెలియదు, నెయ్యి తెలియదు. ఉడికి పగిలిన గోధుమగింజ వాసన ఒక్కటే తెలుస్తుంది. కొట్లోవాళ్లకి నోరూరుతుంది. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

పద్దెనిమిది నిండి ఇంకా ఏడాది కాలేదు, చిన్నతనం గురించి రాయడానికి అప్పుడే ఏం తొందరొచ్చిందని మీరు అడగొచ్చు. చాలామందికి చిన్నతనం ఎప్పుడు పోయిందో తెలియకుండానే పోతుంది. నాకు అలా కాదు. నాది ఒక ఎయిర్‌పోర్టులో, ఒక ఆఫీసరు నా జామెట్రీ బాక్సు మూత తీసినప్పుడు అయిపోయింది. కాబట్టి నాకు రాసే హక్కుందనే అనుకుంటున్నాను.

మాది నరసాపురం పక్కన చిన్న ఊరు. నాన్న నాకు మూడేళ్లప్పుడే పోయాడు. అమ్మ నర్సు. దుబాయ్ వెళ్తున్నానని చెప్పి నన్ను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లింది గానీ, తీరా చూస్తే అది దుబాయ్ కాదు, ఫుజైరా అనే ఊరు, ఒకవైపు గోధుమరంగు కొండలూ మరోవైపు సముద్రమూ ఉన్న నెమ్మదైన ఊరు. నాకు తొమ్మిదేళ్లప్పుడు నన్నూ అక్కడికి తెచ్చుకుంది. కరోనా ఏడాది అమ్మ పనిచేసే క్లినిక్ సగం మందిని తీసేసింది. తీసేసినవాళ్లలో అమ్మ కూడా ఉంది. వీసా గడువు దగ్గరపడి అమ్మ కంటికి కునుకు లేకుండా ఉన్న రోజుల్లో, ఒక ఇంగ్లీషు కుటుంబం వాళ్ల ముసలాయన్ని చూసుకోవడానికి నర్సు కావాలంది. ఇంటి వెనక డ్రైవరు కోసం కట్టిన గది ఇస్తామన్నారు. బళ్లు మూసేశారు కాబట్టి పిల్లని కూడా ఉంచుకోవచ్చన్నారు. ఆ ఇంటి యజమాని ఓడలకి నూనె నింపే కంపెనీలో పెద్ద ఉద్యోగి. మేము ఆయన్ని సారు అనీ ఆయన భార్యని మేడమ్ అనీ అనేవాళ్లం. ఇక నుంచి ఆయనే మన కఫీల్, మన వీసా ఆయన చేతిలో ఉంటుంది, జాగ్రత్తగా మసలుకో అని అమ్మ నాకు మొదటిరోజే చెప్పింది.

ఆ ముసలాయన ఇంగ్లీషువాడు కాదు. ఆ సంగతి మాకు మూడోరోజు తెలిసింది. నేను వరండాలో కూర్చుని ఫోన్లో పాఠం వింటుంటే లోపల్నుంచి ఒక వణికే గొంతు, "ఏ బేటీ! ఇధర్ ఆవో!" అంది. నేను అదిరిపడ్డాను. పాలలాంటి తెల్లటి మనిషి, నీలం కళ్లు, ఎనభై అయిదేళ్ల వయసు, ఆ వేడిలో కూడా ఒంటిమీద కోటు. ఆ నోట్లో మన హిందీ. పేరు యానెక్ అట, పోలండ్‌లో పుట్టాడట, చిన్నప్పుడు కొన్నేళ్లు ఇండియాలో ఉన్నాడట. అప్పటి మాటలు ఓ ఇరవై ముప్పై మిగిలాయి, వాటినే తిప్పి తిప్పి వాడేవాడు. నాకొచ్చిన హిందీ కూడా వీధిలో నేర్చుకున్నదే కాబట్టి మాకు సరిపోయింది. ఆరోజు నుంచి నేను ఆయన్ని తాతా అన్నాను, ఆయన పలికాడు.

ఆ పది నెలలే నా చిన్నతనంలో నేను నిజంగా దాచుకున్న భాగం. పొద్దున్నే సముద్రం మీంచి ఓడల నూనె వాసనతో కలిసి ఉప్పగాలి వచ్చేది. క్వారీ లారీలు వెళ్తే వరండా గచ్చు మీద సన్నటి బూడిదరంగు పొడి పేరుకునేది, దానిమీద వేలితో గళ్లు గీసి, తీరంలో ఏరుకొచ్చిన గవ్వలతో నేనూ తాతా అష్టాచెమ్మా ఆడేవాళ్లం. నేనే నేర్పాను, నన్నే మోసం చేసేవాడు. నేను అటు తిరిగేలోపు కాయ రెండు గళ్లు ముందుకు జరిగిపోయేది, అడిగితే చెవుడు వచ్చేది. ఎండాకాలంలో తలుపు హ్యాండిల్ చెయ్యి కాల్చేది. అక్టోబరు దాటాక కొండల మీంచి చల్లగాలి దిగితే అమ్మ తాతని చక్రాల కుర్చీలో గేటుదాకా తీసుకెళ్లేది, నేను ముందు నడుస్తూ దారిలో రాళ్లు తన్నేసేదాన్ని. అమ్మ రోజూ ఉతకడానికి ఆయన కోటు తీస్తే జేబుల్లో ఎండిపోయిన రొట్టెముక్కలు రాలేవి. మొదటిసారి అన్నీ పారేసింది. ఆ పూటంతా ఆయన జేబులు తడుముకుంటూ కూర్చున్నాడు. తర్వాత అమ్మ పాతవి తీసేసి కొత్త ముక్క ఒకటి పెట్టి మరీ కోటు తొడిగేది.

ఆ రొట్టెముక్కల కథ ఒక్కరోజులో చెప్పలేదు, ఓ ముక్క ఇవాళ, ఓ ముక్క వచ్చేవారం. వాళ్ల ఊళ్లో మంచు మోకాలిదాకా పడేదట. యుద్ధం మొదలవగానే నాన్నని సైనికులు తీసుకుపోయారు. ఒక చలికాలం పొద్దున అమ్మనీ, తననీ, చంకలో ఉన్న చెల్లెల్నీ పశువుల్ని తోలే రైలుపెట్టెలో ఎక్కించి ఎక్కడో ఉత్తరాన అడవుల్లో దించారు. తిండి లేక చెల్లెలు అక్కడే పోయింది. తర్వాత వదిలేస్తే దక్షిణంగా నడిచి, రైలెక్కి, ఎండలు కాసే ఒక దేశంలో అమ్మ జ్వరమొచ్చి పోయింది. అప్పుడు తాతకి ఏడేళ్లు. దిక్కులేని పిల్లల్ని పోగేసి లారీల్లో కొండలు దాటించి ఇండియాకి తెచ్చారు. సముద్రం పక్కన క్యాంపు, పాకలు, చాపలు, కడుపునిండా అన్నం. యుద్ధం అయిపోయాక సరిహద్దులు మారాయి, మీ ఊరు ఇప్పుడు మీ దేశంలో లేదన్నారట. ఓడెక్కించి ఇంగ్లండ్ పంపారు. అక్కడ బొగ్గుగనిలో దిగాడు, పెళ్లి చేసుకున్నాడు, తన చేతులతో ఇల్లు కట్టుకున్నాడు, ముగ్గురు పిల్లల్ని చదివించాడు. భార్య పోయాక ఆఖరి కొడుకు ఇక్కడికి తెచ్చుకున్నాడు. ఈ కథ మీ పిల్లలకి తెలుసా అని అమ్మ అడిగింది. "వాళ్లు అడగలేదు," అన్నాడు.

డిసెంబరు వచ్చింది. మా ఊళ్లో అయితే క్రిస్మస్‌కి నెలముందే చర్చికి సున్నం వేసి, నక్షత్రాలు కట్టి, అమ్మమ్మ కజ్జికాయలు వత్తుతుంటే పిండి అద్దిన చేతులతో మేము కొట్టుకునేవాళ్లం. ఆ ఇంట్లో మేడమ్ ప్లాస్టిక్ చెట్టొకటి పెట్టెలోంచి తీసి నిలబెట్టింది. తాతకి అది పట్టలేదు. ఆయనకి పండగంటే ముందురోజు సాయంత్రం. బల్లమీద గుడ్డకింద ఎండుగడ్డి పరవాలి, ఆకాశంలో మొదటి చుక్క కనిపించేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు, బల్లమీద ఒక పళ్లెం ఎక్కువ పెట్టాలి. గడ్డి కోసం అమ్మ మేకల దాణా అమ్మే కొట్టుకెళ్లింది. చుక్కని చూసే పని నాకిచ్చాడు. నేను డాబా ఎక్కి, సముద్రంలో లంగరేసిన ఓడల దీపాలు చూసి కనిపించింది కనిపించిందని రెండుసార్లు కిందికి పరిగెత్తాను. "జహాజ్," అని రెండుసార్లూ నవ్వి వెనక్కి పంపాడు.

ఎక్కువ పళ్లెం ఎవరికని అంతకుముందే అడిగాను. ఎవరూ లేనివాళ్లు ఎవరైనా తలుపు కొడితే వాళ్లకి, వాళ్లని ఎవరు ఏమిటని అడగకూడదు, కూర్చోబెట్టాలి, అన్నాడు. నేను ఇంక వేరే ఆలోచించలేదు. అమ్మ గదిలో ఉండగా తల దువ్వుకుని, చర్చి గౌను వేసుకుని, ముందు తలుపు కొట్టి మరీ వెళ్లి ఆ పళ్లెం ముందు కూర్చున్నాను. మేడమ్ మొహం ఎర్రబడింది. నా భుజం పట్టుకుని, చాలా ముద్దుగా, నీకూ మీ అమ్మకీ కిచెన్లో అన్నీ విడిగా తీసిపెట్టాను కదమ్మా అంది. అది ఉత్త ఆచారం, నిజంగా ఎవరూ కూర్చోరు అని సారు చెప్పాడు. నేను తాతవైపు చూశాను. ఆయన పళ్లెంవైపు చూస్తున్నాడు. లేచి కిచెన్లోకి వెళ్లిపోయాను. అప్పుడు ఆయన మీద కోపమొచ్చింది. ఆ ఇంట్లో ఆయన కుర్చీ కూడా కొడుకు వేసిందేనని నాకు ఆ వయసులో తట్టలేదు.

ఆ సాయంత్రమే ఇంకోటి జరిగింది. ఉడికిన గోధుమల్లో తేనె, ఎండుద్రాక్ష, బాదం కలిపి మేడమ్ ఒక గిన్నె ఆయన ముందు పెట్టింది. ఒక చెంచా నోట్లో పెట్టుకుని గిన్నె పక్కకి జరిపేశాడు. మర్నాడు నాకు చెప్పాడు. అది వాళ్ల అమ్మ చేసేదట. రైలెక్కించడానికి ముందు ఆఖరి పండగకి కూడా చేసిందట. అమ్మ మొహం గుర్తులేదు, మట్టిచట్టిలో కర్రతో ఆమె అందులో కలిపే నల్లగింజలు నూరుతుంటే వచ్చే చప్పుడు గుర్తుంది. ఇంగ్లండ్‌లో ఏటా తనే నూరి కలిపేవాడు, భార్యాపిల్లలు మర్యాదకి తలో చెంచా తినేవాళ్లు. ఇక్కడ ఆ గింజలు దొరకవంటున్నారు, అవి లేకపోతే అది దాణాయే అన్నాడు. ఆ గింజలు ఎలా ఉంటాయని అడిగితే, ఆవగింజ కన్నా చిన్నవి, మా దేశంలో నల్లగా ఉంటాయి, ఇండియాలో క్యాంపు వంటవాడు మా కోసం బజార్లో వెతికి తెస్తే తెల్లగా ఉన్నాయి, మాలాగే జ్వరమొచ్చి పాలిపోయాయనుకున్నాం అన్నాడు. నాకు ఒక్కసారిగా అమ్మమ్మ కోడికూర వాసన కొట్టింది. కొబ్బరీ గసగసాలూ కలిపి రోట్లో నూరిన ముద్ద, పొయ్యిమీద నూనె తేలేదాకా వేగుతున్న వాసన.

గదిలోకి పరిగెత్తి, "అమ్మా, తాత అడిగేది గసగసాలే!" అన్నాను.

"అవే అయ్యుంటాయిలే. ఇక్కడ దొరకవు," అంది అమ్మ, గుడ్డలు మడతపెడుతూ.

ఎందుకు దొరకవో అమ్మ చెప్పలేదు. సారు చెప్పలేదు, మేడమ్ చెప్పలేదు. ఈ దేశంలో గసగసాలు మత్తుమందు కింద లెక్క, ఎవరి దగ్గరున్నా జైలే అన్న సంగతి ఆ ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. పిల్లలకి చెప్పాల్సినంత సంగతి అని ఎవరికీ అనిపించలేదు. నేనేమో మన మామిడికాయలు ఇక్కడ దొరకనట్టు ఇవీ దొరకవనుకున్నాను.

మార్చిలో అమ్మమ్మకి బాగోలేదని కబురొస్తే సారు పదిరోజులు సెలవిచ్చాడు. మేం వెళ్లేసరికి అమ్మమ్మ లేచి తిరుగుతోంది. తిరుగు ప్రయాణం ముందురోజు అమ్మ చర్చికి వెళ్లినప్పుడు అమ్మమ్మ వెనకాలే వంటింట్లో తచ్చాడాను.

"గసగసాలెందుకే నీకు? అక్కడ కూర నువ్వొండుతున్నావా ఏంటి?" అంది.

"మా తాతకి," అన్నాను.

"నీకు తాతెక్కడున్నాడే!" అని నవ్వి, డబ్బాలోంచి గుప్పెడు తీసి కాగితంలో కట్టి ఇచ్చింది. అమ్మకి కూడా చెప్పకుండా ఒక్కసారే ఆశ్చర్యపరచాలని దాన్ని జామెట్రీ బాక్సులో, వృత్తలేఖిని కింద పెట్టాను. విమానంలో ఆ బాక్సు ఒళ్లోనే పెట్టుకున్నాను. తాత ఆ గింజలు చూసి ఏమంటాడో, నూరడానికి మట్టిచట్టి ఎక్కడ దొరుకుతుందో అని దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఇనప బాక్సు కాబట్టి మిషన్లో కనపడింది. ఆఫీసరు మర్యాదగానే అడిగి మూత తీశాడు. కాగితం విప్పాడు. అమ్మ నావైపు చూసింది, ఒక్క క్షణం. ఆ చూపులో కోపం లేదు, కోపమైతే ఈపాటికి మర్చిపోయేదాన్ని. తర్వాత ఆఫీసరువైపు తిరిగి, "అది నాదే సార్. పిల్లకేం తెలీదు. నేనే పెట్టాను," అంది. కాదు నేనే అని నేను తెలుగులో అరిచాను. అక్కడ తెలుగు వచ్చినవాళ్లు ఎవరూ లేరు. అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కి, "నోరు ముయ్యవే తల్లీ," అంది. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల చట్టం వాళ్లది. అమ్మని లోపలికి తీసుకెళ్లారు, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి బిస్కెట్లిచ్చారు. సారు వచ్చి నన్ను కార్లో ఎక్కించుకున్నాడు.

ఆ ఇంట్లో ఇంకో ఆరురోజులున్నాను. తాతకి అమ్మ సెలవు పొడిగించిందని చెప్పారు, నన్నూ అలాగే చెప్పమన్నారు. మూడోరోజు అమ్మ ఫోన్ చేసింది. హాల్లో స్పీకరు పెట్టి మాట్లాడారు, నేను తలుపు చాటున విన్నాను. అవి ఇంట్లో పెద్దాయన పండగ వంటకోసమేనని ఒక్క కాగితం రాసివ్వండి సార్, మీరు తెమ్మన్నారని రాయక్కర్లేదు, వంటకోసమని రాస్తే చాలు, లాయరు అడుగుతున్నాడు అంటోంది అమ్మ. అమ్మ అలా బతిమాలడం నేను ఎప్పుడూ వినలేదు. సారు, ఇందులో మా పేరు రాకూడదు, నా ఉద్యోగం కూడా చూసుకోవాలి కదా సిస్టర్ అన్నాడు. ఖలాస్. మా అమ్మ బతుకు ఆ ఒక్క మాటతో తేలిపోయింది. ఆయన చెడ్డవాడని నేను అనను. జీతం ఏనాడూ ఆలస్యం చెయ్యలేదు, గట్టిగా అరవలేదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా సుఖంగా ఉండేది.

నేను తాతకి చెప్పేశాను. హిందీ చాలక, చేతులతో నూరి చూపించి, గింజలు చూపించి, చేతులకి బేడీలు చూపించి చెప్పాను. ఆయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత లేచి, గోడ పట్టుకుంటూ గదిలోకి వెళ్లి, టై కట్టుకుని, కోటు గుండీలన్నీ పెట్టుకుని, ముందు తలుపు దగ్గర నిలబడి "చలో" అన్నాడు. నేను చెప్తాను, అడిగింది నేనే అని నేను చెప్తాను అని ఇంగ్లీషులో అరిచాడు. మీ అమ్మని నా కోసం తీసుకెళ్లారు అని నాతో అన్నాడు. సారు పరుగున వచ్చి, నాన్నా నీకు ఒంట్లో బాగోలేదు, అంతా కలిపేసుకుంటున్నావు అంటూ భుజాలు పట్టి వెనక్కి తిప్పాడు. ఆయన తిప్పించుకోలేదు. అక్కడే, చెప్పులు పెట్టే బల్లమీద, సాయంత్రందాకా కోటుతో కూర్చున్నాడు. ఎవరూ ఆయన్ని ఎక్కడికీ తీసుకెళ్లలేదు.

ఆ సాయంత్రం భోజనాల వేళకి తనే బల్లదాకా నడిచొచ్చి, అలమరలోంచి ఒక పళ్లెం తీశాడు. పళ్లెం బల్లకి తగిలి చప్పుడైంది. తన పక్క కుర్చీ ముందు పెట్టి, "బేటీ, ఇధర్ బైఠో," అన్నాడు. పండగ లేదు, గడ్డి లేదు, చుక్క లేదు. నేను మేడమ్‌వైపు చూశాను. "ఇధర్ బైఠో," అని మళ్లీ అన్నాడు, ఈసారి కొడుకువైపు చూస్తూ. కూర్చున్నాను. నలుగురం తిన్నాం. లేచేముందు తాత కోటు జేబులోంచి రొట్టెముక్క తీసి నా చేతిలో పెట్టి, వేళ్లు మూశాడు. ఆ తర్వాత మూడోరోజు పొద్దున నన్ను విమానం ఎక్కించారు.

అమ్మని కొన్ని వారాల తర్వాత పంపేశారు, మళ్లీ ఈ దేశంలో అడుగుపెట్టకూడదని ముద్ర వేసి. ఇప్పుడు మా ఊరి పక్క చిన్న ఆసుపత్రిలో రాత్రింబవళ్లు చేస్తుంది. ఆ ఏడాది చలికాలం రాకముందే తాత పోయాడని మేడమ్ అమ్మకి మెసేజ్ పెట్టింది, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. ఆ గింజల రుచి మళ్లీ చూడకుండానే పోయాడు. అమ్మ నన్ను ఒక్కసారి కూడా నీవల్లే అనలేదు. అంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. అమ్మమ్మ మాత్రం ఆ డబ్బా కడిగి అటక ఎక్కించింది. ఎవరూ ఏమీ అనుకోకుండానే, గసగసాలు సంచుల్లో అమ్మే మా ఊళ్లో, మా ఇంట్లో కోడికూర గసగసాలు లేకుండానే ఉడుకుతోంది.

అమ్మకి మూసిన తలుపులోంచే నేను మళ్లీ ఇక్కడికి వచ్చాను. ఇంకో దారి లేదు, ఉంటే వచ్చేదాన్ని కాదు. బయల్దేరే ముందు అమ్మ నా పెట్టె మూడుసార్లు దులిపింది, కుట్ల మధ్య కూడా గోరుతో గీరి చూసింది. నెల కిందట కొట్టు సామాను వ్యానులో ఫుజైరా వెళ్లాల్సొచ్చి, సారు వాళ్లుండే వీధిలో దిగి చూశాను. ఇంట్లో వేరేవాళ్లున్నారు. వరండాకి అద్దాలు బిగించారు, లారీల పొడి పడకుండా. మా గదిలో ఏసీ బయటిపెట్టెలు పెట్టుకున్నారు. ఓడలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇవాళ కూడా సందు చివర ఇంటివాళ్లు హరీస్ పంపారు. మా గదిలో బల్ల లేదు, ఆరుగురం ఆడవాళ్లం నేలమీద పేపరు పరిచి తింటాం. నా పళ్లెం పక్కన ఇంకో పళ్లెం పెట్టి ఒక గరిటె వడ్డించాను. కడప నుంచి వచ్చిన మస్తాన్‌బీ అక్క ఈమధ్యే మా గదిలో చేరింది. ఆమే అడిగింది.

"ఎవురికి మే ఆ తట్ట?"

"ఎవరైనా వస్తారేమోనని."

"ఈ గదికి ఎవురొస్తారు మే? లోపలికి రానిస్తారా ఏమన్నా?"

"రానివ్వరు," అన్నాను.

అక్క తన పళ్లెం కొంచెం జరిపి దానికి చోటిచ్చింది. కాసేపాగి, చల్లారిపోతుందని ఆ పళ్లెంలోది తలా ఇంత పెట్టుకుని తినేశాం. తర్వాత అన్నిటితోపాటు దాన్ని కూడా తోమి, అమ్మ చెయ్యి తగలని ఆ పళ్లేన్ని గోడవారగా బోర్లించాను.